వంపు గీత లోపల ఎంత చోటుంది? గ్రీకులు లెక్కగట్టిన తీరు

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినబడుతోందా? సరే. బోర్డు కనబడని వాళ్లు ముందుకి వచ్చేయండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఈరోజు నేను మాట్లాడేదానికంటే గీసేదే ఎక్కువ. కాగితం, పెన్ను ఉన్నవాళ్లు నాతోపాటు గీయండి, అప్పుడే బాగా అర్థమవుతుంది.

నేను 27 ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ఒకసారి తొమ్మిదో తరగతిలో వృత్త వైశాల్యం సూత్రం, అదే మన పై ఆర్ స్క్వేర్, బోర్డు మీద రాసి రెండు లెక్కలు చేసి చూపిస్తుంటే ఒక అమ్మాయి లేచి అడిగింది. "సార్, చదరపు సెంటీమీటరంటే నాలుగు పక్కలా తిన్నగా ఉండే గడి కదా, గుండ్రంగా ఉన్నదాంట్లో ఆ గడులు అంచుదాకా ఎలా సర్దుకుంటాయి? అంచు దగ్గర ముక్కలు మిగిలిపోతాయి కదా, వాటిని ఎవరు లెక్కపెట్టారు?" గడుల్ని చిన్నవి చేసుకుంటూ పోతే చివరికి సరిపోతుందమ్మా అని చెప్పి కూర్చోబెట్టాను. అది తప్పు జవాబు కాదు గానీ, సగం జవాబు. "చివరికి" అన్నానే, ఆ చివర ఎక్కడుంది? ఎన్ని గడులు వేసినా అంచు దగ్గర ఏదో ఒకటి మిగులుతూనే ఉంటుంది. మరి సూత్రం "దాదాపు ఇంత" అని చెప్పడం లేదు, "సరిగ్గా ఇంత" అంటోంది. దాదాపు నుంచి సరిగ్గాకి ఎలా దాటాం? ఆ అమ్మాయి అడిగింది నిజానికి ఇదే. సుమారు 2400 ఏళ్ల కిందట గ్రీకులు పట్టుకుని కూర్చున్న ప్రశ్న కూడా ఇదే. ఆ మిగతా సగం జవాబు కోసమే నేను చదవడం మొదలుపెట్టాను.

ముందుగా ఒక మాట. వైశాల్యం అనగానే మనకి ఒక అంకె గుర్తొస్తుంది, ఇన్ని చదరపు గజాలు, ఇన్ని సెంట్లు అని. గ్రీకు రేఖాగణితంలో అంకె లేదు. వాళ్లు అడిగేది, ఈ ఆకారానికి సరిసమానమైన చతురస్రాన్ని స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి గీసి చూపించగలవా అని. ఆ స్కేలు మీద గుర్తులు కూడా ఉండవు. తిన్నని గీతల ఆకారం ఎంత వంకరటింకరగా ఉన్నా ఇది కుదురుతుంది. త్రిభుజాలుగా కోసి, ఒక్కో త్రిభుజాన్ని దీర్ఘచతురస్రంగా, దాన్ని చతురస్రంగా మార్చి, అన్నిటినీ కలిపేయొచ్చు. గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రాసిన 'ఎలిమెంట్స్' అనే గ్రంథం పుస్తకాలుగా విభజించి ఉంటుంది, అందులో రెండో పుస్తకం ఆఖరులో ఈ పని పూర్తవుతుంది. ఎటొచ్చీ గీత వంగిందంటే ఈ కోతలు, అతుకులు ఏవీ పనిచేయవు. వృత్తాన్ని ఎన్ని ముక్కలు కోసినా ఏదో ఒక ముక్కకి వంపు అంచు ఉంటుంది. అనక్సాగొరస్ అనే తత్వవేత్త జైల్లో ఉన్నప్పుడు దీనిమీదే పనిచేశాడని ప్లూటార్క్ రాశాడు. క్రీ.పూ. 414లో ఏథెన్స్‌లో ఆడిన ఒక హాస్యనాటకంలో కూడా వృత్తాన్ని చతురస్రం చేసే ప్రస్తావన వస్తుంది. నాటకం చూడటానికి వచ్చిన మామూలు జనానికి కూడా ఈ సమస్య ఉందని తెలుసన్నమాట.

(బోర్డు మీద గీస్తూ) ఇక మొదటి గెలుపు. మనిషి పేరు హిపోక్రటీస్. వైద్యం చేసిన హిపోక్రటీస్ కాదు, ఆయనది కోస్ ద్వీపం, ఈయనది కియోస్ ద్వీపం. క్రీ.పూ. 5వ శతాబ్దం. ఒక అర్ధవృత్తం గీయండి. అందులో రెండు పక్కలు సమానంగా ఉండే లంబకోణ త్రిభుజం గీయండి, పొడుగు భుజం, అంటే కర్ణం, వ్యాసం మీద ఉండాలి. ఇప్పుడు మిగతా రెండు భుజాల్లో ఒకదాని మీద బయటివైపుకి ఇంకో చిన్న అర్ధవృత్తం గీయండి. పెద్ద చాపానికీ ఈ చిన్న చాపానికీ మధ్య ఒక నెలవంక ఏర్పడింది చూశారా? రెండు వైపులా వంపులే, ఒక్క తిన్నని గీత కూడా లేదు. దీని వైశాల్యం ఎంత?

పైథాగరస్ ప్రకారం కర్ణం మీది చతురస్రం, భుజం మీది చతురస్రానికి రెట్టింపు. చతురస్రాలు ఏ నిష్పత్తిలో ఉంటే వాటి మీది అర్ధవృత్తాలూ అదే నిష్పత్తిలో ఉంటాయి. కాబట్టి చిన్న అర్ధవృత్తం పెద్దదాంట్లో సరిగ్గా సగం. పెద్దదాంట్లో సగం అంటే, కేంద్రం నుంచి లంబకోణం మూలకి గీత గీస్తే వచ్చే ఈ పావు వృత్తం. ఇప్పుడు చిన్న అర్ధవృత్తంలోనూ, ఈ పావు వృత్తంలోనూ భుజానికీ పెద్ద చాపానికీ మధ్య ఇదిగో ఈ విల్లులాంటి ముక్క ఉమ్మడిగా ఉంది. రెండింటిలోంచీ ఆ ముక్క తీసేయండి. ఒకవైపు నెలవంక మిగిలింది, ఇంకోవైపు త్రిభుజంలో సగం మిగిలింది. సమానమైనవాటిలోంచి ఒకే ముక్క తీసేశాం కాబట్టి ఇవి సమానం! భుజాలు పదేసి సెంటీమీటర్లయితే త్రిభుజం 50 చదరపు సెంటీమీటర్లు, నెలవంక సరిగ్గా 25. ఇందులో పై లేదు, 22/7 లేదు, దశాంశాలు లేవు. వంపు మీద వంపు కొట్టుకుపోయింది. నాకు తెలిసిన రుజువుల్లో మొదటిసారి చూడగానే చేతులు వణికినంత పని అయింది దీనికే, ఇప్పటికీ గీసిన ప్రతిసారీ అంతే ఇష్టంగా గీస్తాను.

ఇలాంటి నెలవంకలు ఆయన ఇంకా రెండు కనిపెట్టాడు. 18వ శతాబ్దంలో మరో రెండు దొరికాయి. స్కేలు, వృత్తలేఖినితో కొలవగలిగే నెలవంకలు ఆ ఐదు రకాలే, అంతకుమించి లేవని 20వ శతాబ్దంలో తేలింది. నెలవంక కుదిరింది కదా, పూర్తి వృత్తం కూడా ఇవాళో రేపో కుదురుతుందని అప్పటివాళ్లకి ఆశ పుట్టే ఉంటుంది. కుదరదు. స్కేలు, వృత్తలేఖినితో అది అసాధ్యమని 1882లో లిండెమన్ నిరూపించాడు.

అయితే ఇప్పుడు నేను ఒక మాట గబగబా అనేసి దాటేశాను, గమనించారా? చతురస్రాలు ఏ నిష్పత్తిలో ఉంటే అర్ధవృత్తాలూ అదే నిష్పత్తిలో ఉంటాయి అన్నాను. ఎందుకుంటాయి? వ్యాసం రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలవుతుందని మనకి అలవాటుగా తెలుసు. కానీ రుజువేది? మొత్తం నెలవంక దీనిమీద నిలబడి ఉంది.

ఏథెన్స్‌లో యాంటిఫోన్ అనే ఆయన ఒక దారి చెప్పాడు. వృత్తం లోపల ఒక బహుభుజి గీయి, దాని భుజాల సంఖ్య రెట్టింపు చేయి, మళ్లీ రెట్టింపు చేయి, అలా పోతే ఎప్పుడో ఒకప్పుడు భుజాలు ఎంత చిన్నవవుతాయంటే బహుభుజి వృత్తంలో కలిసిపోతుంది. నేను ఆ అమ్మాయికి చెప్పిన జవాబు అచ్చం ఇదే. అరిస్టాటిల్ దీన్ని ఒప్పుకోలేదు. రేఖాగణితం ఒప్పుకునే మూలసూత్రాలనే కాదనే వాదన ఇది, దీన్ని ఖండించే పని కూడా గణితవేత్తది కాదన్నాడు. తిన్నని గీత ఎంత చిన్నదైనా తిన్నని గీతే, వంపు వంపే, ఏ అడుగులోనూ ఒకటి ఇంకోటి కాదు. 96 భుజాలైనా, లక్ష భుజాలైనా వృత్తానికీ దానికీ మధ్య సందు ఉంటుంది. ఈ పట్టుదల నాకు చాలా నచ్చుతుంది. కళ్లకి కలిసిపోయినట్టు కనబడుతోంది కదా, ఒప్పేసుకుందాం అని వాళ్లు అనలేదు.

ఈ సందుని దాటించిన మనిషి యుడాక్సస్, క్నిడోస్ వాడు, క్రీ.పూ. 4వ శతాబ్దం. ఆయన రాసినవేవీ నేరుగా మన చేతికి రాలేదు, యూక్లిడ్ పన్నెండో పుస్తకంలో ఆయన పద్ధతి కనబడుతుంది. ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళదాం, ఎందుకంటే ఈరోజు చెప్పేదాంట్లో గుండెకాయ ఇదే.

మా ఊళ్లో ఎండాకాలం బావి పూడిక తీసేముందు నీళ్లు తోడేవాళ్లు. ఊహించుకోండి, ప్రతి విడతలోనూ ఉన్న నీళ్లలో సగం కంటే ఎక్కువ తోడేస్తున్నాం. బావి ఎప్పటికైనా పూర్తిగా ఎండుతుందా? ఎండదు, ప్రతిసారీ కొంత మిగులుతుంది. కానీ మీరు నాకు ఒక చెంబు చూపించండి. ఇన్ని విడతలయ్యాక మిగిలిన నీళ్లు ఆ చెంబుకి తక్కువే ఉంటాయని నేను చెప్పగలను. చెంబు కాదు ఉద్ధరిణి చూపించండి, ఇంకొన్ని విడతలు, అంతే. మీరు ఎంత చిన్న కొలత చూపిస్తే, అంతకంటే తక్కువ మిగిలేదాకా తోడగలను. ఏ చెంబు చూపించినా లెక్కపెట్టగలిగినన్ని విడతల్లోనే పని అయిపోతుంది. యూక్లిడ్ పదో పుస్తకం మొదటి సిద్ధాంతం ఇదే.

వృత్తంలో తోడటం ఎలా? (గీస్తూ) లోపల చతురస్రం గీయండి. వృత్తం బయట ఇంకో చతురస్రం గీస్తే అది లోపలిదానికి సరిగ్గా రెట్టింపు, వృత్తం ఆ బయటిదానికంటే చిన్నది, కాబట్టి లోపలి చతురస్రం వృత్తంలో సగానికి పైనే. మొదటి విడతలో సగం కంటే ఎక్కువ తోడాం. మిగిలిన నాలుగు విల్లు ముక్కల్లో ఒక్కోదానిలో ఒక త్రిభుజం పెడితే ఎనిమిది భుజాల బొమ్మ వస్తుంది, ఆ త్రిభుజం కూడా తన విల్లులో సగానికి పైనే ఆక్రమిస్తుంది. అంకెలు కావాలంటే, వ్యాసార్థం 10 సెంటీమీటర్లు అనుకోండి. చతురస్రం తీసేశాక మిగిలేది సుమారు 114 చదరపు సెంటీమీటర్లు. ఎనిమిది భుజాలకి 31. పదహారుకి 8. ముప్ఫై రెండుకి 2. సగం కంటే ఎక్కువ అన్నాం గానీ, నిజానికి ప్రతిసారీ ముప్పావు వంతు దాకా పోతోంది.

ఇప్పుడు రుజువు నడిచే తీరు చూడండి. మనం చూపించాల్సింది రెండు వృత్తాలు వాటి వ్యాసాల మీది చతురస్రాల నిష్పత్తిలో ఉంటాయని. నువ్వు ఒప్పుకోవా? సరే, అయితే నువ్వనేదానికీ నేననేదానికీ మధ్య ఏదో ఒక తేడా ఉండాలి. ఎంత చిన్నదైనా సరే, ఒక తేడా. ఆ తేడాయే నీ చెంబు. మిగులు ఆ చెంబు కంటే తక్కువయ్యేదాకా నేను వృత్తాన్ని తోడతాను. అప్పుడు నా బహుభుజి నీ అంకెని దాటిపోతుంది. కానీ రెండు వృత్తాల్లోనూ ఒకేలా గీసిన బహుభుజులు వ్యాసాల మీది చతురస్రాల నిష్పత్తిలోనే ఉంటాయని మనకి ముందే తెలుసు, ఆ లెక్క ప్రకారం అది నీ అంకెని దాటకూడదు! ఒకే బొమ్మ దాటాలి, దాటకూడదు. కాబట్టి నీ మాట తప్పు. ఎక్కువ అన్నా ఇలాగే ఇరుక్కుంటావు, తక్కువ అన్నా ఇరుక్కుంటావు. ఎక్కువ కాదు, తక్కువ కాదు. మరి మిగిలింది సమానమే.

ఇందులో "అనంతం" అన్న మాట ఎక్కడా రాలేదు. వృత్తం అనంతమైన భుజాలున్న బహుభుజి అని ఎవరూ అనలేదు. "చివరికి" అన్న మాట కూడా లేదు. బావి ఎండిందని ఎవరూ చెప్పలేదు, ఎండాల్సిన అవసరమే లేకుండా చేశారు. అసలు చివరదాకా వెళ్లకుండానే సరిగ్గా ఇంత అని చెప్పగలగడం, మనిషి బుద్ధి చేసిన గొప్ప పనుల్లో ఒకటని నేను నమ్ముతాను. ఈ పద్ధతికి పూర్తిగా ఖాళీ చేయడం అని అర్థం వచ్చే పేరు 17వ శతాబ్దంలో పెట్టారు, ఇంగ్లిష్ పుస్తకాల్లో ఇప్పటికీ ఆ పేరే ఉంది. నాకు ఆ పేరు నచ్చదు. ఏదీ ఖాళీ కాకపోవడమే కదా ఇందులో అందం.

ఇక ఆర్కిమెడిస్. సిసిలీ ద్వీపంలో సిరక్యూస్ నగరం, క్రీ.పూ. 287 ప్రాంతంలో పుట్టాడు, 212లో రోమన్లు ఆ నగరాన్ని పట్టుకున్నప్పుడు ఒక సైనికుడి చేతిలో చనిపోయాడు. స్నానాల తొట్టి కథ అందరికీ తెలుసు కాబట్టి దాని జోలికి వెళ్లను. వృత్తం మీద ఆయన రాసిన చిన్న పుస్తకంలో మన చేతికి దక్కినవి మూడే మూడు సిద్ధాంతాలు. మొదటిది, వృత్తం ఒక లంబకోణ త్రిభుజానికి సమానం, ఆ త్రిభుజానికి ఒక భుజం వ్యాసార్థం, రెండో భుజం వృత్తం చుట్టుకొలత. అంటే వ్యాసార్థం, చుట్టుకొలత గుణించి సగం చేస్తే వైశాల్యం. మన పై ఆర్ స్క్వేర్ అక్కడినుంచి వచ్చేస్తుంది. రుజువు మళ్లీ అదే చెంబు వాదన, కాకపోతే ఈసారి లోపల ఒక బహుభుజి, బయట ఒక బహుభుజి. లోపలిదాని చుట్టుకొలత వృత్తం చుట్టుకొలత కంటే తక్కువ, బయటిదానిది ఎక్కువ. వృత్తాన్ని రెండు వైపుల నుంచీ పట్టుకున్నాడు.

మూడో సిద్ధాంతం మీరు రోజూ వాడేదే. ఆరు భుజాలతో మొదలుపెట్టి 12, 24, 48, 96 దాకా రెట్టింపు చేసుకుంటూ పోయి, చుట్టుకొలత వ్యాసానికి మూడింతలు ప్లస్ ఏడో వంతు కంటే తక్కువ, మూడింతలు ప్లస్ 71లో 10 వంతుల కంటే ఎక్కువ అని తేల్చాడు. దశాంశాలు లేవు, సున్నా లేదు, గ్రీకు అక్షరాలే అంకెలు, వాటితో వర్గమూలాలు కట్టాలి. మూడు వర్గమూలం 265/153కీ 1351/780కీ మధ్య ఉంటుందని నేరుగా రాసేస్తాడు, అది ఎలా వచ్చిందో చెప్పడు. మీరు ఇంటికెళ్లి క్యాలిక్యులేటర్‌లో కొట్టి చూడండి, ఎంత బిగువుగా పట్టుకున్నాడో తెలుస్తుంది.

22/7 ఉంది కదా, మన స్కూలు పుస్తకాల్లో పై విలువ అని రాసేది, అది ఆర్కిమెడిస్ ఇచ్చిన ఎగువ హద్దు. ఆయన ఎప్పుడూ పై విలువ 22/7 అనలేదు, అంతకంటే తక్కువ అన్నాడు. కింది హద్దు 223/71. రెండింటికీ మధ్య తేడా ఎంతో తెలుసా, సరిగ్గా 497లో ఒక వంతు. ఆ సందులో ఎక్కడో పై ఉంది. ఇంకో సంగతి, ఆ రెండింటిలో అసలు విలువకి ఎక్కువ దగ్గరగా ఉన్నది 223/71, కానీ గుర్తుపెట్టుకోవడానికి తేలిక కాబట్టి 22/7 నిలబడింది. ఇక్కడ టీచర్లు ఉంటే ఒక విన్నపం, పిల్లలకి 22/7 చెప్పేటప్పుడు ఇది పై కాదు, పై దీనికి కొంచెం తక్కువ అని ఒక్క మాట చెప్పండి. ఒక్క వాక్యమే, కానీ దాదాపుకీ సరిగ్గాకీ తేడా అక్కడే మొదలవుతుంది.

వృత్తం విషయంలో ఆర్కిమెడిస్ కూడా సరిగ్గా ఇంత అని చతురస్రం గీయలేదు. ఆ పని చేసింది పరావలయం విషయంలో. రాయి విసిరితే గాల్లో వెళ్లే దారి ఉంటుంది చూశారా, దాదాపు ఆ వంపు. దానికి అడ్డంగా ఒక గీత కొడితే విల్లులాంటి ముక్క వస్తుంది. దాని వైశాల్యం అందులో గీసిన త్రిభుజానికి మూడింట నాలుగు వంతులు అని ఆయన నిరూపించాడు. అలెగ్జాండ్రియాలో ఉన్న డోసిథియస్‌కి పంపాడు ఈ పుస్తకం. అంతకుముందు ఇలాంటివి కోనన్ అనే స్నేహితుడికి పంపేవాడు, ఆయన చనిపోయాడు. ఆ ముందుమాటలో స్నేహితుణ్ని పోగొట్టుకున్న బాధ ఇప్పటికీ తెలుస్తుంది.

(గీస్తూ) ఇదిగో, అడుగు 12 సెంటీమీటర్లు, నడిమిన ఎత్తు 8. లోపలి త్రిభుజం, సగం ఇంటూ 12 ఇంటూ 8, 48. ఇటూ అటూ రెండు సన్నని విల్లు ముక్కలు మిగిలాయి. వాటిలో కూడా ఇలాగే త్రిభుజాలు పెట్టండి. ఒక్కోటీ పెద్దదాంట్లో సరిగ్గా ఎనిమిదో వంతు, అంటే 6, రెండూ కలిపి 12. పరావలయానికి ఉన్న గుణమే అది, పెద్ద త్రిభుజంలో పావు వంతు వచ్చి చేరుతుంది. ఆ తర్వాత నాలుగు త్రిభుజాలు, అన్నీ కలిపి 3. ఆ తర్వాత ఎనిమిది, అన్నీ కలిపి ముప్పావు. 48, 60, 63, 63.75. ఎక్కడికి పోతోంది? ఇంటర్ చదివిన వాళ్లు వెంటనే గుణశ్రేఢి, అనంత పదాల మొత్తం, 64 అంటారు. ఆర్కిమెడిస్ అలా అనడు. ఆయన చూసింది వేరు. ప్రతి దశలోనూ ఆఖరున చేర్చినదానిలో మూడో వంతు తీసుకోండి. 48లో మూడో వంతు 16, కలిపితే 64. తర్వాత 60, ఆఖరున చేర్చింది 12, మూడో వంతు 4, మళ్లీ 64. 63, చేర్చింది 3, మూడో వంతు 1, మళ్లీ 64. 63.75, చేర్చింది 0.75, మూడో వంతు 0.25. ఎక్కడ ఆగినా సరే, లోటు ఎంతో ముందే చేతిలో ఉంది! అనంతంగా కలుపుకుంటూ పోవాల్సిన పనే లేదు. ఆ తర్వాత యుడాక్సస్ చెంబు వాదన. 64 కంటే ఎక్కువ అంటావా, ఇరుక్కుంటావు. తక్కువ అంటావా, ఇరుక్కుంటావు.

సర్పిలం గురించి కూడా రెండు ముక్కలు. ఒక గీత కేంద్రం చుట్టూ ఒకే వేగంతో తిరుగుతుంటే, దాని మీద ఒక చుక్క కేంద్రం నుంచి ఒకే వేగంతో బయటికి జరుగుతుంటే వచ్చే వంపు అది. మొదటి చుట్టులో అది చుట్టుముట్టే చోటు, చుట్టూ ఉన్న వృత్తంలో సరిగ్గా మూడో వంతు. విసనకర్ర మడతల్లా ముక్కలు చేసి, 1, 4, 9, 16 లాంటి వర్గాల మొత్తాలతో లోపలినుంచీ బయటినుంచీ బిగించాడు. ఈ పుస్తకం ముందుమాటలో ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. అంతకుముందు తాను పంపిన సిద్ధాంతాల్లో తప్పువి కూడా ఉన్నాయని, అన్నీ మేమే కనిపెట్టాం అంటూ రుజువు మాత్రం చూపించని వాళ్లు దొరికిపోతారని రాశాడు. రుజువు లేని మాట ఆయనకి గిట్టదు.

ఇక్కడ మీకు ఒక అనుమానం రావాలి. చెంబు వాదన నడవాలంటే జవాబు ముందే తెలిసుండాలి. 64 కంటే ఎక్కువ కాదు, తక్కువ కాదు అనాలంటే 64 అన్న అంకె ఎక్కడిదో ఒక చోటి నుంచి రావాలి కదా? రుజువు జవాబుని ఖాయం చేస్తుంది, కనిపెట్టదు. మరి ఆర్కిమెడిస్‌కి ఎలా తట్టింది? ఎన్నో వందల ఏళ్లు ఇది అంతుపట్టలేదు. 17వ శతాబ్దంలో జాన్ వాలిస్ అనే గణితవేత్త, ఆర్కిమెడిస్ కావాలనే తన అడుగుజాడలు చెరిపేశాడని రాశాడు.

చెరిపేయలేదు. ఆయన అంతా వివరంగా ఉత్తరం రాశాడు, అలెగ్జాండ్రియాలో ఎరటోస్తనీస్‌కి. భూమి చుట్టుకొలత లెక్కగట్టిన ఎరటోస్తనీసే. ఆ ఉత్తరం చాలాకాలం మనకి దొరకలేదు, అంతే. 10వ శతాబ్దంలో ఎవరో దాన్ని తోలు కాగితాల మీద నకలు రాశారు. తర్వాత ఆ తోలు కాగితాల మీది సిరా గీకేసి, అడ్డంగా తిప్పి, 1229లో ప్రార్థనల పుస్తకం రాసుకున్నారు. తోలు ఖరీదైనది, పాతదాన్ని మళ్లీ వాడుకోవడం అప్పట్లో మామూలే. 1906లో డెన్మార్క్ పండితుడు హైబర్గ్ అప్పటి కాన్‌స్టాంటినోపుల్ వెళ్లి, ప్రార్థనల వరసల కింద వెలిసిపోయిన అక్షరాలు చదివి, ఇది ఆర్కిమెడిస్ అని గుర్తుపట్టాడు. ఆ పుస్తకం మళ్లీ కనబడకుండా పోయి, 1998లో న్యూయార్క్‌లో వేలానికొచ్చి 20 లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది. కొన్నవాళ్లు దాన్ని బాల్టిమోర్‌లోని వాల్టర్స్ మ్యూజియంకి ఇచ్చి చదివించారు. రకరకాల రంగుల కాంతిలో ఫొటోలు తీశారు, స్టాన్‌ఫర్డ్‌లో ఎక్స్‌రేలు పెట్టి పాత సిరాలోని ఇనుముని పట్టుకున్నారు.

ఉత్తరంలో ఆయన ఏమన్నాడంటే, కొన్ని సంగతులు తనకి ముందు త్రాసు పద్ధతిలో తట్టాయని, అది రుజువు కాదని, కానీ జవాబు ముందే కొంత తెలిస్తే రుజువు వెతకడం తేలికని. శంకువు ఘనపరిమాణం స్తూపంలో మూడో వంతు అని నిరూపించింది యుడాక్ససే అయినా, రుజువు లేకుండా ముందుగా ఆ మాట చెప్పిన డెమోక్రిటస్‌కి కూడా తక్కువ పేరు ఇవ్వకూడదు అంటాడు. రుజువు చూపించని వాళ్లంటే గిట్టదన్న మనిషే ఇలా అన్నాడు చూడండి, ఇందులో నాకు విరోధం కనబడదు. కనిపెట్టడం ఒక పని, ఖాయం చేయడం ఇంకో పని, రెండింటికీ వేర్వేరుగా గౌరవం ఇచ్చాడు. ఆ అమ్మాయికి నేను చెప్పిన గడుల జవాబు మొదటి పనికి సరిపోతుంది. రెండో పని గురించి ఆమెకి చెప్పాల్సింది.

ఈ పద్ధతిలో తనకి మొట్టమొదట తట్టిన సిద్ధాంతం అంటూ ఆయన ఉత్తరంలో ముందు చూపించింది, మన పరావలయం ముక్కే. అది గీసి ముగిస్తాను. (గీస్తూ) అదే బొమ్మ, అడుగు 12, ఎత్తు 8. కుడి చివర వంపుని తాకుతూ ఒక స్పర్శరేఖ గీస్తే, అది ఎడమ చివర నిలువు గీతని 32 సెంటీమీటర్ల ఎత్తున కలుస్తుంది. ఇప్పుడు పెద్ద త్రిభుజం ఒకటి వచ్చింది, విల్లు దానిలోపల ఉంది. ఎక్కడైనా ఒక నిలువు గీత గీయండి. నడిమిన గీస్తే త్రిభుజంలో దాని పొడుగు 16, విల్లులో 8, సగం. ఎడమనుంచి పావు దూరంలో గీస్తే త్రిభుజంలో 24, విల్లులో 6, పావు. ముప్పావు దూరంలో త్రిభుజంలో 8, విల్లులో 6, ముప్పావు. ఎడమ అంచునుంచి ఎంత వంతు దూరంలో ఉన్నామో, విల్లులోని గీత త్రిభుజంలోని గీతలో అంత వంతు. ఇది చూడగానే ఆయనకి త్రాసు కనబడింది. ఎడమ అంచు దగ్గర త్రాసు ముల్లు పెట్టండి. త్రిభుజంలోని గీతని ఉన్నచోటే ఉంచండి. విల్లులోని గీతని తీసి ముల్లుకి అవతలి వైపు 12 సెంటీమీటర్ల దూరంలో వేలాడదీయండి. దగ్గర ఉన్న బరువు, దూరంగా ఉన్న తేలిక, సరితూగుతాయి. ప్రతి గీతకీ ఇదే. అంటే మొత్తం విల్లు ఆ ఒక్క చోట వేలాడుతూ, మొత్తం త్రిభుజాన్ని తూచుతోంది. త్రిభుజం బరువంతా దాని గురుత్వ కేంద్రంలో ఉన్నట్టే, అది ఎడమ అంచునుంచి మూడో వంతు దూరంలో, అంటే 4 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. విల్లు 12 దూరంలో, త్రిభుజం 4 దూరంలో. కాబట్టి విల్లు త్రిభుజంలో మూడో వంతు.

పెద్ద త్రిభుజం వైశాల్యం సగం ఇంటూ 12 ఇంటూ 32, 192. దాంట్లో మూడో వంతు 64.